పట్టికలో కడపటి పేరు

తెలుగు పండితునికి విమానాలతో ఏమి పని అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. ముప్పై అయిదేళ్ళపాటు పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి 2019లో పదవీ విరమణ చేసినవాణ్ణి. జీవితంలో విమానమెక్కినది నాలుగే నాలుగు సార్లు. అందులోనూ కిటికీ పక్కన కూర్చునే భాగ్యం ఒక్కసారే కలిగింది. అయినప్పటికీ గడచిన ఏడాదిగా మా ఇంట్లో అమెరికా విమాన సంస్థల సీనియారిటీ పట్టికల గురించి జరిగినంత చర్చ మరి దేనిగురించీ జరగలేదు. దానికి కారకుడు మా మేనల్లుడు.

మా చెల్లెలి కుమారుడు అక్కడే పుట్టి పెరిగినవాడు. వయస్సు ముప్పై నాలుగు. ఒక రీజనల్ విమాన సంస్థలో కెప్టెను. వాడికి ఒక పెద్ద సంస్థనుండి, అంటే వారి పరిభాషలో ‘మేజర్’ నుండి, పిలుపు వచ్చింది. వెళ్ళడమా మానడమా అన్నది అక్కడ పెద్ద ప్రశ్న కాదు. రీజనల్ సంస్థలలో పనిచేసేవారిలో అధికులు ఎప్పటికో ఒకప్పటికి అటు వెళ్ళాలనే కోరుకుంటారు. ఎప్పుడు వెళ్ళాలన్నదే ప్రశ్న. ఆ ‘ఎప్పుడు’ అనే మూడక్షరాల మాటలో ఎంత లెక్క, ఎంత భయం, ఎంత మమకారం ఇమిడి ఉన్నవో తెలిసినకొద్దీ నాకు ఆశ్చర్యం పెరిగింది. అది మీతో పంచుకుందామనే ఈ టపా.

ముందుగా ఈ రెండు రకాల సంస్థల భేదం చెప్పాలి. మన ఆర్టీసీలో అద్దె బస్సులు ఉన్నవి కదా. బస్సు ప్రైవేటు యజమానిది, డ్రైవరూ ఆయన మనిషే. రంగూ, టిక్కెట్టూ, దారీ మాత్రం ఆర్టీసీవి. ఎక్కినవాడికి ఆ తేడా తెలియదు. అమెరికాలో రీజనల్ సంస్థల సంగతి చాలావరకు ఇంతే. విమానం మీద అమెరికన్ ఈగల్ అనో, డెల్టా కనెక్షన్ అనో, యునైటెడ్ ఎక్స్‌ప్రెస్ అనో రాసి ఉంటుంది. లోపల నడిపేవారు మరొక సంస్థ ఉద్యోగులు. చిన్న ఊళ్ళనుండి ప్రయాణికులను పెద్ద విమానాశ్రయాలకు చేరవేయడం వారి పని. పెద్ద సంస్థల పైలట్ల సంఘాలు చేసుకున్న ఒప్పందాల మూలంగా ఆ విమానాలలో సాధారణంగా 76 సీట్లకు మించి ఉండరాదు. అదే వారి లక్ష్మణరేఖ. దానికి ఆవల బోయింగులూ ఎయిర్‌బస్సులూ, సముద్రాలూ, రెట్టింపుకు మించిన జీతాలూ.

ఇక అసలు కీలకం సీనియారిటీ. పైలట్ల లోకంలో దానికి మించిన దైవం లేదు. సంస్థలో చేరి శిక్షణ తరగతిలో కూర్చున్న తొలినాడే ఒక సంఖ్య ఇస్తారు. ఒకే రోజు చేరినవారిలో ఎవరు ముందు అనే దానికి కొన్ని సంస్థలలో వయస్సు ప్రమాణం. కొన్నిటిలో సోషల్ సెక్యూరిటీ సంఖ్య చివరి అంకెలు. ఏ ఊరు కేంద్రంగా పనిచేయాలి, ఏ విమానం నడపాలి, ఎప్పుడు కెప్టెను కావాలి, పండుగకు ఇంట్లో ఉండవచ్చునా లేదా అనే సమస్తమూ ఆ సంఖ్యే నిర్ణయిస్తుంది. గడ్డుకాలం వచ్చి ఉద్యోగులను తాత్కాలికంగా ఇంటికి పంపవలసి వస్తే పట్టిక కడపటినుండి పంపుతారు. ఎంత నేర్పరి అయినా సరే, ఎంత మంచివాడైనా సరే, వరుస వరుసే.

ఆ సంఖ్య సంస్థ మారితే వెంట రాదు. ఇది చాలా మందికి తెలియని సంగతి. ఒక కంప్యూటరు ఇంజనీరు పదేళ్ళు ఒకచోట చేసి మరొకచోటికి పోతే ఆ పదేళ్ళూ వెంట వస్తాయి. జీతమూ హోదా వాటిని బట్టే నిర్ణయిస్తారు. పైలటు పదేళ్ళు కెప్టెనుగా ఉండి కొత్త సంస్థలో చేరితే అక్కడ ఆ రోజుకు అందరికంటే చిన్నవాడు. కుడిపక్క సీటులో ఫస్ట్ ఆఫీసరుగా, మొదటి సంవత్సరం జీతంతో మళ్ళీ మొదలు.

నాకు ఇది వినగానే వ్యాకరణం జ్ఞాపకం వచ్చింది. పాత అలవాటు, పోదు. ఆగమం మిత్రునివలె వచ్చి పక్కన కూర్చుంటుందనీ, ఆదేశం శత్రువువలె వచ్చి ఉన్నవాణ్ణి లేపి ఆ చోట కూర్చుంటుందనీ వ్యాకరణం చెప్పే గురువులందరూ చెప్పే మాట. ‘మా అమ్మ’ అన్నప్పుడు యడాగమం వస్తే ‘మాయమ్మ’ అవుతుంది. ఏ అక్షరమూ పోలేదు, యకారం అదనంగా చేరింది. ‘వాడు కొట్టె’ అన్నచోట గసడదవాదేశం వస్తే ‘వాడు గొట్టె’ అవుతుంది, కకారం కనిపించదు. ఇంజనీరు ఉద్యోగం మారడం ఆగమం. పైలటు ఉద్యోగం మారడం ఆదేశం. మా వాడికి ఫోనులో ఈ మాట చెబితే, “మామయ్యా, ఇది మా ఇంటర్వ్యూలో చెప్పి ఉంటే బాగుండేది” అని నవ్వాడు. వాడి తెలుగు అంతంత మాత్రమే గాని హాస్యం గ్రహిస్తాడు.

ఉపాధ్యాయ మిత్రులకు మాత్రం ఈ వ్యవస్థ బొత్తిగా కొత్తది కాదు. మన ఉపాధ్యాయుల సీనియారిటీ జిల్లా ప్రాతిపదిక మీద ఉంటుంది. స్వంత అభ్యర్థన మీద వేరే జిల్లాకు బదిలీ కోరుకున్నవాడు అక్కడి పట్టికలో కడపటివాడవుతాడు. నేను 1984లో ప్రకాశం జిల్లాలో గ్రేడ్ టూ పండితుడిగా చేరాను. 1993లో మా నాన్నగారికి పక్షవాతం వచ్చింది. ఆయన ఇల్లు విడిచి రానన్నారు. నేనే గుంటూరు జిల్లాకు అభ్యర్థన పెట్టుకున్నాను. తొమ్మిదేళ్ళ సీనియారిటీ ఒక్క సంతకంతో పోయింది. జీతం తగ్గలేదు గాని, నాకంటే వెనుక చేరినవారు నాకంటే ముందు పదోన్నతులు పొందారు. ఆ లెక్క తెలిసే సంతకం చేశాను. నాన్నగారు మరి మూడేళ్ళు బ్రతికారు. ప్రతి సాయంత్రం బడినుండి వచ్చి ఆయనను అరుగుమీద కూర్చోబెట్టి పేపరు చదివి వినిపించేవాణ్ణి. పట్టికకు ఆ సంగతి తెలియదు. తెలియవలసిన పనీ లేదు.

అందుకే కాబోలు, మా చెల్లెలు ఈ వ్యవహారంలో నన్ను మధ్యవర్తిగా పెట్టింది. “అన్నయ్యా, నువ్వైనా వాడికి చెప్పు. వచ్చిన అదృష్టాన్ని కాలదన్నుకుంటున్నాడు” అని ఫోను. విషయమేమిటంటే, పెద్ద సంస్థ వాడికి శిక్షణ తరగతి ప్రారంభ తేదీ ఇచ్చింది. సరిగ్గా ఆ వారంలోనే మా మేనకోడలు ప్రసవం. వాడు మరొక తేదీ అడుగుదామని ఆలోచిస్తున్నాడు. చెల్లెలికి అది మతిలేని పనిగా తోచింది.

ఆమె మాటలో న్యాయం లేకపోలేదు. లెక్క వేసి చూద్దాం. అమెరికాలో విమాన సంస్థల పైలట్లకు 65 ఏళ్ళు నిండితే ఆ ఉద్యోగం చేసే వీలు లేదు. 2007 డిసెంబరు వరకు ఆ పరిమితి 60గా ఉండేది. 2024లో దానిని 67 చేయాలన్న ప్రతిపాదన నెగ్గలేదు. అంటే మా వాడికి మిగిలినది ముప్పై ఒక్క సంవత్సరాలు. ఒక ఏడాది ఆలస్యంగా చేరితే పోయేది ఏ ఏడాది? మొదటి ఏడాది అని మనకు తోస్తుంది. కాదు. ఎప్పుడు చేరినా మొదటి ఏడాది తక్కువ జీతం అనుభవించవలసిందే. పోయేది చివరి ఏడాది. పట్టిక అగ్రభాగాన కూర్చుని పెద్ద విమానం కెప్టెనుగా అత్యధిక వేతనం పొందే ఏడాది. 2023లో డెల్టా, అమెరికన్, యునైటెడ్ సంస్థలు పైలట్లతో చేసుకున్న ఒప్పందాల తరువాత అటువంటి కెప్టెనుకు గంటకు 400 డాలర్లకు పైబడి ముడుతున్నది. ‘ఆలస్యం అమృతం విషం’ అన్న మాటకు ఇంతకంటే ఖచ్చితమైన లెక్క నేను చూడలేదు.

పైగా కాలం ఎప్పుడూ ఒక్క తీరున ఉండదు. 2001 సెప్టెంబరు దాడుల తరువాత వేలమంది పైలట్లు ఇంటికి పోయారు. కొందరిని మళ్ళీ పిలవడానికి ఏళ్ళు పట్టింది. అదే ఏడాది టీడబ్ల్యూఏ సంస్థను అమెరికన్ కొనుక్కున్నప్పుడు టీడబ్ల్యూఏ పైలట్లలో చాలామందిని కొత్త పట్టికలో అడుగున చేర్చారు. దశాబ్దం పైబడిన సేవ ఉన్నవారు కూడా నిన్న మొన్న చేరినవారి వెనుక నిలబడవలసి వచ్చింది. 2020లో కరోనా వచ్చినప్పుడు ట్రాన్స్ స్టేట్స్, కంపాస్ అనే రెండు రీజనల్ సంస్థలు ఏప్రిల్ నెలలోనే మూతపడ్డాయి. ఆ అక్టోబరులో అమెరికన్ సంస్థ సుమారు 1,600 మంది పైలట్లను ఇంటికి పంపి, ప్రభుత్వ సాయం అందాక డిసెంబరులో వెనక్కు పిలిచింది. రెండేళ్ళు తిరిగేసరికి 2022లో పైలట్లు దొరకక పెద్ద సంస్థలు ఎగబడి తీసుకున్నాయి. మళ్ళీ 2024లో బోయింగ్ విమానాలు సకాలంలో చేతికి రాకపోవడంతో యునైటెడ్, సౌత్‌వెస్ట్ వంటి సంస్థలు నియామకాలు ఆపాయి. తలుపు తెరుచుకున్నప్పుడు లోపలికి పోనివాడు అది మళ్ళీ ఎప్పుడు తెరుచుకుంటుందో చెప్పలేడు.

ఇది ఒక పక్క. రెండవ పక్క కూడా వినాలి కదా.

మా వాడు ఇప్పుడున్న సంస్థలో వరుసలో ఎంతో ముందున్నాడు. ఇంటినుండి కారులో అరగంట దూరంలో వాడి కేంద్రం. వారాంతాలు చాలావరకు ఇంట్లోనే. కెప్టెనుగా గంటకు నూటయాభై డాలర్ల పైచిలుకు వస్తున్నది. ఒకప్పుడు రీజనల్ జీతాలు ఇలా ఉండేవి కావు. 2009 ఫిబ్రవరి 12న బఫెలో నగరం దగ్గర కోల్గన్ ఎయిర్ వారి విమానం కూలి 50 మంది మరణించినప్పుడు జరిగిన విచారణలో ఆ పైలట్ల బ్రతుకు లోకానికి తెలిసింది. ఫస్ట్ ఆఫీసరు తక్కువ జీతంతో సియాటిల్ దగ్గర తల్లిదండ్రుల ఇంట్లో ఉంటూ, రాత్రంతా సరకు విమానాలలో ప్రయాణించి దేశం ఆ కొసనున్న నెవార్క్‌లో ఉద్యోగానికి చేరుకున్నది. ఆ దుర్ఘటన తరువాత వచ్చిన చట్టం మూలంగా 2013నుండి ఫస్ట్ ఆఫీసరుకు కూడా సాధారణంగా 1,500 గంటల అనుభవం కావాలన్నారు. అంతకు ముందు 250 గంటలతోనూ చేరవచ్చు. అభ్యర్థులు తగ్గారు. ఆ తరువాత 2022లో కొరత ముదిరేసరికి రీజనల్ జీతాలు ఒక్కసారిగా పెరిగాయి. అందుచేత ఈనాటి రీజనల్ కెప్టెను కుడిపక్క సీటుకు పోవడమంటే మొదటి ఏడాది జీతం తగ్గించుకుని పోవడమే.

జీతం మాట అటుంచండి. కొత్తవాడికి కోరిన ఊరు రాదు. వేరే రాష్ట్రంలో కేంద్రం వస్తే ఇంటినుండి విమానంలో ఖాళీ సీటు దొరికించుకుని పోవాలి. అక్కడ నలుగురైదుగురు పైలట్లు కలిసి అద్దెకు తీసుకున్న గదిలో (దాన్ని వారు క్రాష్ ప్యాడ్ అంటారు) బంకు మంచం మీద పడుకుని, ఫోను మోగితే రెండు గంటలలో విమానాశ్రయంలో ఉండాలి. దీనిని రిజర్వు అంటారు. వరుసలో ముందుండడం విలువ ఏమిటో తెలియాలంటే ఒక్క ఉదాహరణ చాలు. 2023లో యునైటెడ్ సంస్థ కెప్టెను ఖాళీలు ప్రకటిస్తే వాటిలో దాదాపు సగం ఎవరూ కోరుకోక మిగిలిపోయాయని వార్తలు వచ్చాయి. కొత్త కెప్టెనై రిజర్వులో పడి ఇంటికి దూరం కావడంకంటే, సీనియర్ ఫస్ట్ ఆఫీసరుగా నచ్చిన రోజులు ఎంచుకోవడమే మేలని అంతమంది తలచారన్న మాట. హోదాకంటే ఇంటి భోజనం రుచి అని అమెరికావాడూ అనుకుంటాడు.

అన్నిటికీ మించినది శిక్షణ. కొత్త విమానం, కొత్త పద్ధతులు. వారాల తరబడి తరగతులూ, సిమ్యులేటరులో పరీక్షలూ. మొదటి ఏడాది ప్రొబేషన్. ఆ పరీక్షలో తప్పితే ఆ సంగతి ప్రభుత్వం నిర్వహించే పైలట్ల రికార్డులలోకి ఎక్కుతుంది. ఆ పైన ఏ సంస్థకు దరఖాస్తు పెట్టినా వారు దాన్ని చూస్తారు. కోల్గన్ దుర్ఘటన తరువాత వచ్చిన చట్టంలోనే దీనికీ మూలమున్నది. మా మేనల్లుడు నాతో అన్న మాట ఇది: “మామయ్యా, ఏడు వారాలు ఆలస్యమైతే నూరు మంది ముందుకుపోతారు. నిద్ర లేకుండా, మనసంతా హాస్పిటల్‌లో పెట్టుకుని వెళ్ళి ఫెయిలైతే ఎవరూ ముందుకు పోనక్కరలేదు, నేనే ఉండను.”

ఆ మాట విన్నాక ‘నిదానమే ప్రధానం’ అన్న సామెత గుర్తుకు రాక తప్పదు. ఒకే జాతి నోట ‘ఆలస్యం అమృతం విషం’ అనీ, ‘నిదానమే ప్రధానం’ అనీ రెండూ పుట్టాయి. పిల్లలు తరగతిలో నన్ను అడిగేవారు, “మాస్టారూ, ఈ రెంటిలో ఏది నిజం?” అని. రెండూ నిజమే, ఎదుటనున్న పని స్వభావాన్ని బట్టి వాడుకోమని చెప్పేవాణ్ణి. చేతిలో ఉన్నది అమృతమైతే ఆలస్యం తగదు. అయితే అది అమృతమేనా, దానిని పట్టుకునే చేయి వణకకుండా ఉన్నదా అని చూసుకోవడం ఆలస్యం కిందికి రాదు.

మా మేనకోడలు ఈ చర్చ అంతటా మౌనంగానే ఉన్నది. చివరకు ఒకనాడు ఆమే ఫోను చేసింది. “మామయ్యగారూ, నా కోసం ఆగమని నేను అడగలేదు. కాని ఆగితే వద్దని అనను. ముప్పై ఏళ్ళ తరువాత వాళ్ళు ఎక్కువ జీతం ఇస్తారేమో గాని, ఈ బిడ్డ పుట్టిన వారాన్ని మళ్ళీ ఇవ్వరు కదండీ” అన్నది. ఆ అమ్మాయి చార్టర్డ్ అకౌంటెంటు కుమార్తె. లెక్కలు నాకంటే బాగా తెలిసినది.

నేను మా చెల్లెలితో ఒక్కటే అన్నాను. “వాడు ఎంత పోగొట్టుకుంటున్నాడో వాడికి తెలుసు. తెలిసి ఇచ్చేదాన్ని నష్టమనరు తల్లీ, మూల్యమంటారు. ఏళ్ళకు ఏళ్ళు వాయిదా వేస్తానంటే నేనూ నీ పక్షమే. ఏడు వారాలకు కాదు.” ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, “నాన్నగారి విషయంలో నువ్వూ ఇలాగే చేశావుగా” అని ఫోను పెట్టేసింది. కోపంతోనో కాదో నేటికీ తెలియదు. అమెరికాలో ఉన్నందున ఆ మూడేళ్ళలో ఆమె నాన్నగారిని చూసినది ఒక్కసారే.

మన దేశంలోనైతే ఈ చిక్కు మరొక రూపంలో ఉంటుంది. 2017లో వచ్చిన నిబంధన ప్రకారం ఇక్కడ కెప్టెను సంస్థ విడిచి వెళ్ళాలంటే ఏడాది ముందు, కో-పైలటు ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. అమెరికాలో రెండు వారాలు చెప్పి వెళ్ళడం వాడుక. గడువు అంత తక్కువ కావడంవల్ల నిర్ణయం కత్తివాదరవలె ఉంటుంది. ఆలోచించుకునే వ్యవధి ఎవరూ ఇవ్వరు, మనమే సంపాదించుకోవాలి. మా వాడు అడిగితే సంస్థవారు ఏడు వారాల తరువాతి తరగతిలో చోటిచ్చారు. ఇవ్వకపోతే మొదటి తేదీకే వెళ్ళడానికి సిద్ధపడి ఉన్నానని తరువాత నాకు చెప్పాడు. అడగడమూ, కాదంటే తలవంచడమూ రెండూ తెలిసినవాడే ఉద్యోగి.

తెలుగువారి పిల్లలు ఇప్పుడు ఇటువంటి వృత్తులలోకి కూడా అడుగుపెడుతున్నారు. వారి తల్లిదండ్రులకు నాబోటివాడు చెప్పగలిగినది కొద్దిపాటి. పిల్లవాడు పెద్ద సంస్థకు ఇంకా ఎందుకు మారలేదని అడిగే ముందు వాడు కొత్తగా ఎక్కడ, ఎన్నవవాడుగా నిలబడవలసి వస్తుందో అడిగి తెలుసుకోండి. అర్హత సంపాదించాక, శరీరమూ మనసూ శిక్షణకు సిద్ధంగా ఉన్నాక, ఇంట్లో రెండేళ్ళ ఒడుదుడుకులకు ఒప్పుదల కుదిరాక మాత్రం జాగు చేయవద్దని కూడా చెప్పండి. సౌఖ్యానికి అలవాటుపడి ‘వచ్చే ఏడాది చూద్దాం’ అంటూ కూర్చుంటే ఆ వచ్చే ఏడాదులన్నీ చివరినుండి తరుగుతాయి.

మొన్న మా వాడు కొత్త సంస్థ పట్టికలో తన పేరున్న భాగాన్ని ఫోటో తీసి పంపించాడు. కడపటి పుటలో, అడుగునుండి మూడవ పేరు. వాడి ముందున్న నూటికి పైబడిన పేర్లు ఆ ఏడు వారాలలో చేరినవారివి. రాబోయే ముప్పై ఒక్క సంవత్సరాలూ ప్రతి సంక్రాంతికీ, ప్రతి వేసవి సెలవుకూ వాళ్ళు వీడికంటే ముందు కోరుకుంటారు. ఆ చిత్రంతో పాటే మరొకటి వచ్చింది. ఆడపిల్ల. పుట్టిన నాలుగవ నాటిది. తండ్రి అరచేతిలో తల. రెండు చిత్రాలూ మా చెల్లెలికి కూడా పంపించాడట. ఆమె రెండవదానికి మాత్రమే జవాబిచ్చింది.

అనుభవజ్ఞులు ఉంటే చెప్పండి: ఆ ఏడు వారాలకు మీరైతే ఏమి చేసి ఉండేవారు?